రంగులక్క గోడ మీద ఏడు దేశాలు

రంగులక్కకు అసలు పేరొకటి ఉంది కాని, అది ఓటరు కార్డులో తప్ప ఇంకెక్కడా పని చెయ్యదు. మందుల దుకాణం నుంచి సైకిల్ షాపు దాకా ఆ పేటలో ఏ బోర్డు చూసినా ఆమె చేతిరాతే. గోళ్ల సందుల్లో ఒకవైపు నీలం, ఒకవైపు ఎరుపు. ఎంత తోమినా పోవు. ఫ్లెక్సీలు వచ్చి ఆమె పొట్ట మీద కొట్టాయి గాని నోరు మాత్రం మూయించలేకపోయాయి. "మొహాలు బాగానే అచ్చవుతాయిలే, వానొచ్చాక మాట్లాడదాం" అనేది. వాన పడ్డ మర్నాడల్లా చిరిగిన ఫ్లెక్సీ చుట్ట చంకన పెట్టుకుని ఎవరో ఒక షాపువాడు ఆమె గుమ్మంలో నిలబడేవాడు. "ఏం నాయనా, మొహం కరిగిందా?" అని అడిగి మరీ పని ఒప్పుకునేది.

ఈ విద్య ఆమెకు తండ్రి నేర్పాడు. కుంచె పట్టడం కంటే ముందే ఆయన నూరిపోసిన మాట ఒకటుంది: పేరు రాశాక దాని కింద లాగే గీత చివర పైకే లేవాలి. "కిందికి వాలిన గీత చూస్తే షాపువాడి మొహం వాలిపోతుందే తల్లీ. తోక పైకి!" అనేవాడు. ఆలోచించే పని లేకుండానే ఆ తోక ఆమె చేతికి వచ్చేసేది. ఆమెను నలుగురిలో ఇరికించింది కూడా ఆ తోకే.

ఆమె చెల్లెలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో నర్సు. పేటలో సగం మంది పిల్లలు ఆ చెల్లెలి చేతుల మీదుగా భూమ్మీద పడ్డవాళ్లే. అక్కడి కాన్పుల గది మూసేస్తామని మున్సిపాలిటీ ప్రకటించింది. ఖర్చు మోయలేకపోతున్నారట. ఇకమీద నొప్పులొచ్చిన ఆడమనిషి రెండు బస్సులు మారి పెద్దాసుపత్రికి పోవాలి. ఈ నిర్ణయం చేసినవాళ్లలో ఒక్కరైనా నొప్పులతో బస్సెక్కి ఉంటే ఆ మాట నోట్లోంచి వచ్చేది కాదు. ఎక్కడెక్కుతారు, వాళ్లంతా మగవాళ్లే.

పేట జనం కమిటీ కట్టారు. దానికి పెద్దదిక్కు ఒక రిటైరైన ఎకనామిక్స్ లెక్చరరు, అందరికీ మాష్టారు. మన దేశమూ, చుట్టూ ఉన్న ఆరు దేశాలూ కలిపి ఏడు ప్రభుత్వాలు నలభై ఏళ్లుగా దేనికెంత ఖర్చు పెడుతున్నాయో ఆయన ఓపిగ్గా పోగుచేశాడు. తీరా మీటింగులో చదవడం మొదలుపెడితే ముందు వరస ఆవులించేది, వెనక వరస జారుకునేది.

"మాష్టారూ, ఏమీ అనుకోకండి, మీరు చెప్పేది చెవికెక్కట్లేదు. కంటికి చూపిద్దాం" అంది రంగులక్క. "ఆరోగ్య కేంద్రం గోడ అంత పొడుగుంది, ఊరికే పడి ఉంది కదా?"

గోడకు సున్నం కొట్టి, సుద్ద పూసిన దారం బిగించి లాగి గళ్లు వేసింది. అడ్డంగా ఏళ్లు. నిలువుగా, ప్రభుత్వం ఖర్చుపెట్టే ప్రతి వందలో జనం ఆరోగ్యానికి పోయే వాటా. ఏడు దేశాలకు ఏడు రంగులు. మాష్టారు చూపించిన చోటల్లా సుద్దచుక్క పెట్టుకుంటూ, చుక్కలు కలుపుతూ పోయింది.

ఎదురుగా బస్టాపు. బస్సు ఆలస్యమైతే జనానికి ఇంకేం పని? గోడ చూడటమే.

"ఆ పసుపు దేశానికేమైంది అక్కా, గుంటలో పడి లేచింది?"

"యుద్ధమొచ్చింది బాబూ. మందుల డబ్బంతా తుపాకులకు పోయింది. తరవాత బుద్ధొచ్చింది."

"మరి ఆ ఊదారంగోళ్లు?"

"మాష్టార్నడుగు. అప్పులు చేశారంట, ఇప్పుడు వచ్చిందంతా వడ్డీలకే పోతోందంట."

వారం తిరిగేసరికి జనం రంగులవారీగా జట్లు కట్టారు. టీ కొట్టు యజమాని మట్టిరంగు దేశం పక్షం. ఏడింటిలోకీ పేద దేశమది. అట్టడుగున మొదలై, ఏడాదికి కాస్త చొప్పున, ఎక్కడా ఆగకుండా ఎక్కుతోంది. "మా మట్టోడు చూడండ్రా, చప్పుడు చెయ్యకుండా ఎలా ఎక్కుతున్నాడో!" అని గ్లాసు ఇచ్చినప్పుడల్లా మీసం మెలేసేవాడు.

ఎర్రగీత మనది. ఒకప్పుడు అన్నిటికంటే పైన ఉండేది. దాన్ని ఆఖరికి అట్టిపెట్టుకుంది రంగులక్క. చివరి ముక్క గీయాల్సిన రోజున మాష్టారు జలుబుతో మంచమెక్కాడు. ఆయన పెట్టించిన చుక్కలు ఆమె మోచెయ్యి రాసుకుని చెరిగిపోయాయి, ఆమె చూసుకోలేదు. ఇంత పెద్ద పని పూర్తవుతోందన్న సంబరంలో ఉంది. చెయ్యి తన దారిన తాను పోయి, ఎర్రగీతను ఠీవిగా పైకి లేపి వదిలింది.

మర్నాడు మున్సిపల్ చైర్మన్ మనిషొకడు వచ్చి గోడను ఫోటో తీసుకుపోయాడు. సాయంత్రానికల్లా అది పేటలో అందరి ఫోన్లలోకీ చేరింది. కింద ఒక ముక్క: "ఆరోగ్యానికి ఖర్చు పెరుగుతోందని కమిటీ గోడే చెబుతోంది. మరి ఈ గోల దేనికి?" చైర్మన్ చంకలు గుద్దుకున్నాడట. శుక్రవారం తానే వచ్చి, ఆ గోడ ముందే నిలబడి గది సంగతి తేల్చేస్తానని కబురు పెట్టాడు.

మాష్టారు మఫ్లరు చుట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఏమిటమ్మా ఇది! మనది పదిహేనేళ్లుగా దిగుతుంటే నువ్వు ఆకాశానికెత్తావు!"

రంగులక్క గోడ వంక చూసి నెత్తి బాదుకుంది. "అయ్యో, నా చెయ్యి పడిపోనూ! తోక పెట్టేశాను మాష్టారూ."

"తోకేమిటి?"

"ప్రభుత్వాన్ని కూడా షాపు బోర్డనుకుంది నా చెయ్యి."

సమయానికి తుమ్మొచ్చింది గాని, లేకపోతే మాష్టారు ఏడ్చేవాడే. రంగులక్క గీకుడు కత్తి అందుకుంది. "ఉండండి, ఇప్పుడే చెరిపేస్తా."

"ఆగవే అక్కా" అంటూ చెల్లెలు వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. "ఫోటో ఊరందరి దగ్గరా ఉంది. గుట్టుగా మార్చామనుకో, దొంగలెక్కలు రాశారంటారు. గదీ పోతుంది, పరువూ పోతుంది. శుక్రవారం అందరి ముందూ దిద్దు."

"అందరి ముందా? ఇన్నేళ్లలో ఒక్క బోర్డు దిద్దలేదే నేను. నా తప్పు నేనే నిచ్చెనెక్కి చూపించుకోవాలా?"

"కాన్పులో నా చెయ్యి తప్పితే ఏం చేస్తాను? గట్టిగా అరిచి పక్కవాళ్లని పిలుస్తాను. సిగ్గుపడుతూ కూచుంటే ప్రాణం పోతుంది."

రంగులక్క కత్తి కింద పెట్టింది. చెల్లెలితో వాదించి గెలిచిన రోజు ఆమెకు ఒక్కటీ గుర్తులేదు.

శుక్రవారం చైర్మన్ మైకుతో సహా దిగాడు. బస్టాపు కిటకిటలాడింది. "నేను చెప్పడమెందుకు, గోడే చెబుతోంది" అని ఆయన ఎర్రతోక వైపు చెయ్యి చాపాడు. "మన ప్రభుత్వం..."

"చైర్మన్‌గారూ, ఒక్క నిమిషం. ఆ తోక నాది" అంది రంగులక్క. మైకు పక్కనే ఉండటంతో ఆ మాట వీధంతా వినబడింది. "అలవాటులో లాగేశాను. తప్పే. మీరు మాట్లాడుతూ ఉండండి, ఈలోగా దిద్దేస్తా."

జనం గొల్లుమన్నారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అయినా నిచ్చెనెక్కి తోకను గీకేసి, తెల్లరంగు పూసింది. మాష్టారు కింద నిలబడి ఒక్కో ఏడాది అంకె చదివాడు. ఆమె ఒక్కో గీత లాగింది. గీత దిగుతుంటే ఆమె కూడా నిచ్చెన మీద ఒక్కో మెట్టూ దిగాల్సి వచ్చింది.

"ఇంకా దిగాలా అక్కా?" అని జనంలోంచి ఎవరో అడిగారు.

"దిగాలి నాయనా. మనవాళ్లు దిగుతూనే ఉన్నారు."

పసుపు గీత దాటింది. ఊదా దాటింది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆమె నిచ్చెన దిగి నేల మీద నిలబడింది. అప్పటికీ సరిపోక మోకాళ్ల మీద కూచుంది. ఎర్రగీత మట్టిరంగు గీతను కోసుకుంటూ దాని కిందికి పోయింది.

"మట్టోడి కంటే కిందికా మనం!" అన్నాడు టీ కొట్టు యజమాని. తన జట్టు గెలిచినందుకు సంతోషించాలో, సిగ్గుపడాలో తెలియక గ్లాసు పట్టుకుని నిలబడిపోయాడు.

జనం ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టారు. ఇంతలో గోడ వెనక కిటికీ ధడేలున తెరుచుకుంది. చెల్లెలు తల బయటపెట్టింది. "మీ అరుపులు ఆపండి! లోపల ఒకామె కనబోతోంది. చైర్మన్‌గారూ, ముందు ఆ మైకు కట్టెయ్యండి!"

చైర్మన్ తన చేత్తోనే మైకు కట్టేశాడు. మైకు లేకపోతే ఆయన గొంతు చాలా చిన్నది. "నేనేం చెయ్యను మాష్టారూ? పైనుంచి వచ్చేదే తగ్గిపోతోంది."

"నిజమే. అందుకు పైవాళ్లని అడుగుదాం. మీ ముందు మేం నడుస్తాం" అన్నాడు మాష్టారు. "కాని గది మూసే కాగితం మీద సంతకం మాత్రం పైవాళ్లది కాదు బాబూ, మీది."

చైర్మన్ చుట్టూ చూశాడు. చేతికో ఫోను, అన్నీ ఆయన వైపే. లోపల్నుంచి మూలుగు వినబడింది. "సరే, గది మూయం" అన్నాడు.

"రాసివ్వండి సార్" అంది ముందు నిలబడ్డ ఒకావిడ.

"కాగితాలన్నీ ఆఫీసులో ఉన్నాయమ్మా."

"కాగితమెందుకు సార్? గోడుంది, రంగులక్కుంది" అన్నాడు టీ కొట్టు యజమాని.

రంగులక్క అప్పటికే కుంచె ముంచింది. "చెప్పండి. మీ నోటివెంట ఏదొస్తే అదే రాస్తా."

చైర్మన్ గొంతు సవరించుకున్నాడు. "కాన్పుల గది మూయబడదు."

"మూయబడదేంటి సార్? అదేమన్నా తనంతట తాను మూసుకుంటుందా? ఎవరు మూయరో చెప్పండి."

జనం నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకుని, లోపలామెకు వినబడకుండా నవ్వారు. చైర్మన్ కూడా నవ్వక తప్పలేదు. "మున్సిపాలిటీ కాన్పుల గదిని మూయదు. అలా రాయి."

అలాగే రాసింది, బస్టాపులోంచి కళ్లద్దాలు లేకుండా చదవగలిగేంత లావు అక్షరాలతో. కింద చైర్మన్ అని హోదా కూడా వేసింది. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకుని దగ్గరికొచ్చాడు.

"మొదట్లో 'ప్రస్తుతానికి' అన్న మాట కూడా వెయ్యమ్మా."

రంగులక్క గోడను ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది. రెండు బారల గోడ తెల్లగా, ఖాళీగా ఉంది.

"చోటు లేదు సార్" అని కుంచె కడుక్కోవడానికి వెళ్లిపోయింది.