క్రెడిట్ పోతది, జర వచ్చి పండుకో

ఇబ్రహీంపట్నం అమరేందర్ దేన్నయినా పోనిచ్చేవాడు గానీ, కార్డు మీద వచ్చే హోటల్ క్రెడిట్‌ను మాత్రం పోనిచ్చేవాడు కాదు. గుడి దగ్గర చెప్పులు పోతే నవ్వుకుంటూ ఉత్త కాళ్లతో ఇంటికొచ్చేవాడు. క్రెడిట్ గడువు దగ్గరపడిందంటే మాత్రం మనిషికి ముద్ద దిగేది కాదు.

తప్పు ఆయనది కాదు, కరెంటుది. బోరు కింద వరి వేసినన్నాళ్లూ కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు లేచి మోటరు వేసిన మనిషి. ఆ కాసేపట్లో మడి తడిస్తే తడిసినట్టు, లేదంటే ఎండినట్టు. తర్వాత హైదరాబాద్ పెరిగి పెరిగి ఆయన పొలం గెట్టు దాకా వచ్చింది. మడి ప్లాట్లయింది. బ్యాంకువాళ్లు ఇంటికొచ్చి, బల్ల మీద వేస్తే ఖంగుమనే ఇనుప కార్డు ఒకటి చేతిలో పెట్టారు. ఆరు నెలలకోసారి పెద్ద హోటల్లో ఒక రోజు గది ఖర్చు కార్డే భరిస్తుంది, గడువులోగా వాడుకోకపోతే పోతుంది అన్నారు. అమరేందర్‌కు అర్థమైంది ఒక్కటే, మళ్లీ కరెంటొచ్చింది. భూమి పోయిన దిగులు ఎవరికీ చెప్పుకోలేదు గానీ, దాని వెనకాల వచ్చిన కార్డులో గింజంత కూడా దండగ కానివ్వనని పట్టుబట్టాడు.

మొదటిసారి భార్య సునందను రమ్మన్నాడు. "ఇంట్ల మంచం లేదా? పరాయి మంచం మీద పండుడేంది?" అని ఆమె కదల్లేదు. ఒక్కడే వెళ్లి, మర్నాడు ఎర్రటి కళ్లతో తిరిగొచ్చాడు.

"నిద్ర పట్టలేదా?" అంది సునంద.

"ఏడ పడ్తది? రెండు మంచాలిచ్చిండ్రు. ఒక్కదాని మీదనే పండుకుంటే రెండోది దండగ గాదా? జరసేపు అటు, జరసేపు ఇటు పండుకున్న."

ఇంకోసారి గదితో పాటు బట్టలు కూడా ఉచితంగా ఉతికిస్తామన్నారు. ఆయన బట్టలు శుభ్రంగానే ఉన్నాయి. ఏం చేస్తాడు, పక్కింటి బుగ్గమ్మ బొంత మోసుకుపోయాడు. అది ఇస్త్రీ అయి, పైన పల్చటి కవరుతో, హ్యాంగర్‌కు వేలాడుతూ ఊరికి తిరిగొచ్చింది. కప్పుకోవడానికి మనసొప్పక బుగ్గమ్మ దాన్ని చాలా రోజులు గోడకే తగిలించి చూసుకుంది.

ఈ కథలన్నీ నలుగురిలో చెప్పి నవ్వించేవాడు తిరుమల్, సునంద తమ్ముడు. వాటిలో తన సొంత కథ కూడా ఒకటుంది. అతని కూతురు నెలలు నిండకుండానే పుట్టి, పట్నంలో దవాఖానలో గాజు పెట్టెలో ఉంది. భార్య హర్షిత వార్డులో ఉంది. మగవాళ్లను లోపలికి రానివ్వరు కాబట్టి తిరుమల్ మెట్ల మీద పేపరు పరుచుకుని పడుకునేవాడు. ఒక సాయంత్రం అమరేందర్ ఆయాసపడుతూ వచ్చాడు.

"తిరుమల్, పక్క సందుల హోటల్ల రూం తీసిన. క్రెడిట్ పోతది, జర వచ్చి పండుకో."

"బావా! నా బిడ్డ పెట్టెల ఉంటే నడుమ నీ క్రెడిట్ లొల్లేంది?"

"నువ్వు మెట్ల మీద పండుకుంటే బిడ్డకేమన్న లాభమా? ఆడ రూం ఖాళీగ ముర్గుతున్నది. నీకు పుణ్యముంటది, రా."

తిరుమల్ తిట్టుకుంటూనే వెళ్లి, వేడినీళ్లు పోసుకుని, ఒళ్లు తెలియకుండా పడుకున్నాడు. రెండ్రోజులు కాకముందే బావ మళ్లీ ప్రత్యక్షం. "ఇంకోటి ఎల్లింది. రేపటితోని ఆఖరు." పాప ఇంటికొచ్చేదాకా అలా ఒకదాని వెనక ఒకటి క్రెడిట్లు బయటపడుతూనే ఉన్నాయి. ఆ తర్వాత ఏ పెళ్లి విందులో కూర్చున్నా తిరుమల్‌ది అదే పాట. "మా బావకు పాణం కంటె క్రెడిట్ ఎక్కువ!" పంక్తి పంక్తంతా నవ్వేది. అందరికంటే ఎక్కువ అమరేందరే నవ్వి, "అవ్ మరి, పోనిస్తనా?" అనేవాడు.

కొన్నేళ్లకు తిరుమల్ పెద్ద అంబర్‌పేట్ వైపు ప్లాట్ల వ్యాపారంలో నిలదొక్కుకున్నాడు. అదే బ్యాంకు, అదే ఇనుప కార్డు ఇచ్చింది. ఒకసారి క్రెడిట్ వాడుకుని, వారం తిరక్కుండా ఇంకోటి కావాలని బ్యాంకుకు ఫోన్ చేశాడు.

"ఆరు నెలలకు ఒక్కసారే సార్," అంది అవతలి అమ్మాయి.

"గట్లెట్లమ్మా? మా బావకు ఒక్క నెలల మస్తు సార్లొచ్చింది."

"ఎవరికీ అలా రాదు సార్. మొదటినుంచీ ఒక్కసారే."

తిరుమల్ అక్కడే ప్లాటు హద్దురాయి మీద కూలబడ్డాడు. ఒక్క గది తప్ప మిగతావన్నీ బావ తన జేబులోంచి పెట్టినవే. ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే తను మెట్లు దిగేవాడు కాదు. ఒకరి సొమ్ము ముట్టని పౌరుషం తనది. దండగైపోతుందంటేనే కదా, తిట్టుకుంటూ అయినా వెళ్లింది! అంత చేసిన మనిషిని పట్టుకుని అన్ని పంక్తుల్లో నవ్వులపాలు చేశాడు. వెళ్లి కాళ్లు పట్టుకుందామంటే, "ఎండదెబ్బ తాకిందా?" అంటాడు బావ.

ఆ ఏడే సునందకు మోకాలి ఆపరేషన్ అయింది. లోపల హర్షిత తోడుంది. బయట వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో అమరేందర్, నడుం పట్టేసి, మెడ వాల్చి. గది తీసుకుంటానని తిరుమల్ బతిమాలితే, "ఏంటికి? గీ కుర్చీ మస్తుంది," అని మొండికేశాడు. పౌరుషంలో బావ కూడా తక్కువ తిన్నవాడు కాదు.

మర్నాడు సాయంత్రం తిరుమల్ ఆయాసపడుతూ వచ్చాడు.

"బావా, పక్క సందుల రూం తీసిన. క్రెడిట్ పోతది, జర వచ్చి పండుకో."

అమరేందర్ అతన్ని పైకీ కిందికీ చూశాడు. ఆ కార్డు నియమాలు ఆయనకు నిద్రలో లేపి అడిగినా వచ్చు.

"నీ క్రెడిట్ మొన్న వాడుకుంటివి గదా?"

"అది వేరే. ఇది... ఇంకోటి ఎల్లింది. రేపటితోని ఆఖరు."

ఆ మాట ఎక్కడిదో అమరేందర్‌కు తెలుసు. కళ్లద్దాలు తీసి కండువాతో చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత మోకాళ్ల మీద చేతులాన్చి మెల్లగా లేచాడు.

"రెండు మంచాలుంటయా?"

"ఉంటయి బావా."

"అయితే నువ్వు గూడ రా. రెండోది దండగైతది."