రాణి ఒంటి మీద గోమార్లు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. భూమ్మీద ఎన్ని రకాల పురుగులున్నాయో, మా కొట్లో అన్ని రకాల సీసాలూ ఉన్నాయని. అగ్రికల్చర్ డిగ్రీ చేతికొచ్చి, పర్చూరులో ఒక పురుగుమందుల కొట్లో కొత్తగా చేరాను. రైతు ముడుచుకుపోయిన ఆకు తెచ్చి బల్ల మీద పెట్టి "ఏం కొట్టమంటావ్?" అనడమే ఆలస్యం, వెనక్కి తిరిగి చూడకుండానే చెయ్యి చాపి సీసా తీసేవాణ్ణి. (ఆ దర్జా చూసి మా ఓనరు తెగ మురిసిపోయేవాడు, ఒకసారి ఫినాయిల్ తీసేదాకా.)

అలాంటి నా దగ్గరికి ఒక మధ్యాహ్నం మా మావయ్య అగ్గిపెట్టె పట్టుకుని వచ్చాడు. తెరిచి చూస్తే అందులో ఆముదపు గింజంత లావున, కాళ్ళాడిస్తూ ఒక గోమారి, పశువుల నెత్తురు తాగే పురుగు. "రాణి చెవిలోదిరా. నిండా ఇవే," అన్నాడు, ఇంట్లో మనిషికి జబ్బు చేసినంత దిగులుగా. రాణి అంటే ఆయన గుర్రం. మిరప పండించుకునే మనిషికి గుర్రమెందుకని మీకు అనిపిస్తే, ఊరంతటికీ అనిపించింది. సింగరాయకొండ వైపు పెళ్ళి ఊరేగింపులకి గుర్రాలు తిప్పే ఒకాయన ఆ పని మానేస్తున్నాడని తెలిసి, ఊరికే చూసొస్తానని వెళ్ళిన మావయ్య దాని కళ్ళు చూసి మనసు పారేసుకుని వెంట తెచ్చేసుకున్నాడు. ఎక్కింది మాత్రం ఒక్కసారే. ఇటు ఎక్కి అటు దిగిపోయాడు. అప్పట్నుంచీ తాడు పట్టుకుని పక్కనే కబుర్లు చెబుతూ పొలానికి నడిపించుకెళ్ళేవాడు.

అసలు చిక్కు గోమార్లతో కాదు, అత్తయ్యతో వచ్చింది. ఆవిడ పాడిగేదె పొదుగు మీద కూడా ఒకటి కనబడింది. "ఆదివారం లోపు అవన్నా పోవాలి, ఆవిడగారన్నా పోవాలి," అని తేల్చేసింది. (రాణిని పేరుపెట్టి పిలిచేది కాదు. సవతిని అన్నట్టు 'ఆవిడగారు' అనేది.) అత్తయ్య మాటకి మావయ్య ఎదురు చెప్పడం నేనెరగను. "దాన్ని పంపించేస్తే నాకు పొద్దు గడవదురా అల్లుడూ," అన్నాడు. నిజంగానే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేను తీవ్రంగా ఆలోచించాను. గోమారి, మిరప మీద వచ్చే నల్లి, రెండూ సాలీడుకి చుట్టాలేనని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. చుట్టాలకి వేరే మందెందుకు? ఆ సాయంత్రమే నల్లిమందు సీసా జేబులో పెట్టుకుని, స్ప్రేయర్ వీపున తగిలించుకుని బయల్దేరాను. గుమ్మంలోనే అత్తయ్య అడ్డుపడింది.

"ఏంట్రా అది?"

"నల్లిమందు అత్తయ్యా. శాస్త్రప్రకారం చూస్తే..."

"కొట్టాక ఎన్నాళ్ళకి కోస్తారు గుర్రాన్ని, మిరపకాయల్లాగా? దించు ముందు. పంపించెయ్యమన్నానుగానీ చంపెయ్యమన్లేదు."

దించాను. మావయ్య పశువుల డాక్టరుగారికి ఫోన్ చేశాడు. "పొలం మందు దాని దరిదాపులకి కూడా తీసుకెళ్ళకండి, చర్మంలోంచి లోపలికి పోతుంది," అని ఆయన ఫోన్లోనే కేకలేశాడు. పశువులకి వేరే మందుందనీ, సోమవారం వచ్చి గుర్రం బరువు చూసి తనే వేస్తాననీ, ఈలోపు కనబడినవాటిని చర్మానికి దగ్గరగా పట్టుకుని, తల తెగిపోకుండా నిదానంగా లాగెయ్యమనీ చెప్పాడు. ఆయన రాక సోమవారం. అత్తయ్య గడువు ఆదివారం.

శనివారం పొద్దున మావయ్యకి బుర్ర వెలిగింది. ఇంటి పక్క కల్లంలో ఆరిన మిరపకాయలకి తొడిమలు తీసే ఆడవాళ్ళున్నారు. కాయ చిట్లకుండా తొడిమ ఒక్కటే ఊడి వచ్చేలా తుంచడం వాళ్ళకి చూడకుండా చేసే పని. "తల తెగకూడదన్నాడుగా, వీళ్ళ వేళ్ళని మించినవి ఏమున్నాయిరా?" అన్నాడు. నాకూ అద్భుతంగా తోచింది. ఆ ముఠా పెద్దని అందరం మేస్త్రమ్మ అనేవాళ్ళం. ఆవిడ "గుర్రానికి తొడిమలు తియ్యటం ఎక్కడా చూళ్ళేదు బాబాయ్!" అంటూనే కొంగు బిగించి లేచింది. అందరూ బోరు దగ్గర చేతులు కడుక్కొచ్చారు. తాడు నేను పట్టుకున్నాను. మెడ మీదా, వీపు మీదా పని చకచకా సాగింది. రాణి హాయిగా కళ్ళు మూసుకుంది. అప్పుడు మేస్త్రమ్మ దాని చెవిలో వేలు పెట్టింది. అదే సమయానికి వెనక ఇంకొకావిడ తోక ఎత్తింది.

మా వైపు మనుషులం మిరపకాయల మధ్యే పుట్టి పెరిగి, అవి మండుతాయన్న సంగతే మరిచిపోతాం. నీళ్ళతో కడిగినంత మాత్రాన వేళ్ళ ఘాటు పోదని అక్కడున్న అందరికీ తెలుసు, ఒక్కరికీ గుర్తు రాలేదు. రాణికి మాత్రం వెంటనే తెలిసింది. ఒక్క అరుపు అరిచి, తాడుతోపాటు నన్నూ ఈడ్చుకుంటూ ఆరబోసిన కాయల మీదుగా పరిగెత్తింది. నేను కాయల్లో బోర్లా పడ్డాను. లేచిన మిరప కోరుకి, ఆ ఘాటుకి మావయ్య తుమ్మాడు, ముఠా అంతా తుమ్మింది, చివరికి రాణి కూడా తుమ్మింది. (గుర్రం తుమ్ముకి ఎదురుగా నిలబడ్డవాళ్ళెవరైనా ఉంటే నా బాధ అర్థమవుతుంది.) అది వెళ్ళి గేదెల కొట్టం గోడకి తల ఆనించి, కళ్ళ వెంట నీళ్ళు కారుస్తూ వణుకుతూ నిలబడింది.

మావయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుని, గోల విని బయటికొచ్చిన అత్తయ్యతో "రేపు బండి మాట్లాడతానే. పంపించేద్దాం. నా దగ్గర సుఖపడట్లేదది," అన్నాడు. అత్తయ్య లోపలికి వెళ్ళింది. వచ్చేటప్పుడు చేతిలో గిన్నెడు గడ్డపెరుగు ఉంది. (ఆ ఇంట్లో మావయ్యకి కూడా అంత గడ్డగా వడ్డించగా నేను చూడలేదు.) రాణి చెవుల చుట్టూ మెల్లిగా రాస్తూ "ఓర్చుకోవే తల్లీ... వీళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది," అంది. తోక దగ్గరికి వచ్చేసరికి గిన్నె మావయ్యకి అందించి, "ఇది మీరు రాయండి. తెచ్చుకుంది మీరేగా," అంది.

"మరి బండి..." అన్నాడు మావయ్య.

"మంట తగ్గకుండా ఎక్కడికి పంపుతారండీ? మనసెలా ఒప్పుతుంది మీకు?"

సోమవారం డాక్టరుగారు వచ్చి మందు వేసి, గోమార్లు దాక్కునే కొట్టం గోడల నెర్రెలన్నీ పూడ్పించాడు. కొన్నాళ్ళకి అవి పోయాయి. మంటయితే ఆ సాయంత్రానికే తగ్గింది, అది అందరం చూశాం. మొన్న వెళ్ళినప్పుడు అత్తయ్య రాణి జూలు దువ్వుతూ కనిపించింది. "ఎప్పుడు పంపిస్తున్నావ్ అత్తయ్యా?" అని అడిగాను. "మంట తగ్గనీరా," అంది, నావైపు చూడకుండానే. నేనిప్పుడు సొంత కొట్టు పెట్టుకుని, నాలుగు మంచి మాటలు చెప్పి ఒక సీసా ఇచ్చే వయసుకి వచ్చాను. ప్రతిదానికీ చెయ్యి చాపితే మందు దొరుకుతుందనుకున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి, అక్కడే రాణి పక్కన నిలబడి కాసేపు నవ్వుకున్నాను.