ఎడమ పక్క

పిన్ని చివరిగా చేసిన పని, తన మొదటి నవల ప్రూఫులో నేను మార్చిన ఒక్క మాటను కొట్టేసి మళ్లీ "ఎడమ" అని రాయడం. కుట్టుపని మానేసి, అరవై దాటాక మొదలుపెట్టిన పాతకాలపు క్రైస్తవ ప్రేమకథ అది. రాసేటప్పుడూ మెడలో కొలతల టేపు వేలాడేది. ముద్దు సన్నివేశానికి ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేది.

"నీ కథలో ఆ పిల్ల ఎప్పుడూ తన సిపాయికి ఎడమ పక్కనే నడుస్తుందేంటి పిన్నీ? ఒక్కచోటైనా మార్చు" అన్నాను.

"నీ మొహం! అది మారిస్తే కథే పోతుంది. ముట్టుకోకు."

ఆమెను సమాధి చేసి వస్తూ, బాబాయికి కుడి పక్కన నడుస్తూ ఏదో చెప్పాను. ఆయన ఆగాడు.

"ఎడమ పక్కకి రామ్మా. పెళ్లికి ముందు నుంచీ ఈ చెవి వినపడదు. మీ పిన్నికొక్కదానికే తెలుసు."