ఎండలో చూడని సీడీ

ఉరవకొండలో సీడీలు అద్దెకిచ్చే ఒకాయన ఉండేవాడు. అందరం అన్నా అనేవాళ్లం. ఎవరు సీడీ తిరిగి తెచ్చినా వాకిట్లోకి వచ్చి, ఒక కన్ను మూసి, దాన్ని ఎండకెత్తి గీతలు వెతికేవాడు. నేను బడిపంతులునని నావి మాత్రం చూడకుండానే అరలో పెట్టేవాడు. "మీది చూసేదేముండాది సార్" అనేవాడు. ఆ మాట నాకు గర్వంగా ఉండేది.

సముద్రపు దొంగల సినిమా తెలుగులో సీడీలుగా వచ్చినప్పుడు ఊరంతా ఎగబడింది. అన్న మొదట నాకే ఇచ్చాడు. రెండో సీడీకి దుమ్ము పట్టిందని, పచ్చి శనక్కాయలు మూటగట్టిన తువ్వాలుతో తుడిచాను. దానికంటిన ఇసుక గీతలు పెట్టింది. ఓడల యుద్ధం మధ్యలో బొమ్మ నిలిచిపోయింది. ఏమీ చెప్పకుండా తిరిగి ఇచ్చేశాను.

నా తర్వాత దాన్ని తీసుకెళ్లిన మగ్గం పనివాడు తిరిగి తెచ్చినప్పుడు నేనూ అంగట్లో ఉన్నాను. అన్న సీడీని ఎండకెత్తి చాలాసేపు దించలేదు.

"ఏమప్పా, బండకేసి రుద్దినావా?"

"నేనేం చేయలేదన్నా. ఓడలు కొట్లాడేకాడ నిలబడిపోయింది. పిల్లోళ్లు ఏడ్చినారు."

"నీకంటే ముందు తీసుకపోయింది సారు. ఆయన చేసినాడంటావా?"

అతను నా వైపు చూశాడు. నేను గోడమీది పోస్టరు చూశాను.

"సారునేమీ అనలేదన్నా."

"ఇంగ నా అంగడి మెట్టెక్కొద్దు, పో."

అతను మళ్లీ రాలేదు. తర్వాతి వారం తిరిగి ఇవ్వడానికి తెచ్చిన ఇంకో సీడీని నేనే ఎండలోకి చాపి, "ఒకసారి చూడన్నా" అన్నాను.

అన్న నవ్వి, దాన్ని అలాగే అరలో పెట్టాడు.

"మీది చూసేదేముండాది సార్."