తలగుడ్డా, చెవి మిషనూ

నా చిన్నప్పుడు మా ఇంటి పిల్లి పులంత ఉండేది. ఇదిగో, మొదటి వాక్యంలోనే దొరికిపోయాను. పెంచి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. అందుకే ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను చెప్పే ప్రతిదాన్నీ సగానికి కోసి తీసుకోండి. ఒక్క నా కుళ్ళును మాత్రం కోయకండి. అది నిజంగానే అంత ఉండేది.

కమలాపురంలో మా పక్కిల్లు శెట్టి తాతది. ఆయనకు అంగడి ఉండేది. ఆయనకూ మా తాతకూ ఒకే ఏడు చెవులు మందగించాయి. శెట్టి తాతకు కొడుకు మద్రాసు నుంచి చెవి వెనకాల పెట్టుకునే మిషన్ తెచ్చాడు. చిక్కుడు గింజంత ఉంటుంది. ఆయన మనవడు నా తరగతివాడే. "మా తాతకు ఈడ కూచుంటే కడప రైలు కూత ఇనపడ్తాది. మీ తాతకు పక్కన టపాకాయ పేలినా ఇనపడదు" అనేవాడు. ఆ మాటకు నా కడుపులో లేచిన మంట మీద ఊరందరికీ సంగటి ఉడికించొచ్చు.

చివరికి మా తాతకూ మిషన్ కొనాలనుకున్నారు. కారణం మా అవ్వ. ఆమెది సన్నటి గొంతు. తాతకు వినపడాలంటే అరవాలి, అరిస్తే వీధంతా వింటుంది. అందుకని ఆమె తాతతో మాట్లాడటమే మానేసింది. కూడు పెట్టడం, చెంబు అందించడం, అన్నీ సైగలతోనే. రెండేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్య ఒక్క మాట లేదు. నాకదేమీ పట్టలేదు. శెట్టి తాత మిషన్‌కన్నా చిన్నది మా ఇంటికి రావాలి, అంతే.

కడపకు తాత నన్నూ వెంటబెట్టుకుపోయాడు. మిషన్లు అమ్మే ఆయన బల్ల మీద రెండు పెట్టాడు. ఒకటి చెవి వెనకాలది, నిగనిగలాడుతోంది. రెండోది జేబులో పెట్టుకునే పెట్టె. దానికో తీగ, తీగ చివర చెవిలో దూర్చుకునే బిరడా. నా కళ్ళకది ట్రంకుపెట్టెలా కనిపించింది.

తాత రెండూ పెట్టి చూసుకొని, "రెండిట్లోనూ బాగానే ఇనపడ్తాండాది. ఏది తీసుకుందాం రా?" అని నన్నే అడిగాడు. నేను చిన్నదాన్ని చూపించాను. తాత వద్దనలేదు. దాన్ని చెవికి తగిలించుకొని, రోజూ చేనుకు పోయేటప్పుడు చుట్టుకున్నట్టే తలగుడ్డను చెవుల మీదుగా బిగించి చుట్టాడు.

అంతే, మిషన్ కుయ్యిమని కూత పెట్టింది. ఆ కూత విని కడప బస్టాండులో నాలుగు బస్సులు 'రైట్' అనుకొని కదిలిపోయాయి.

"తలగుడ్డ తీసేయ్ పెద్దాయనా, అది ఆనుకుంటే కూస్తాది" అన్నాడు మిషన్లు అమ్మే ఆయన.

"తీసేసి చేన్లో ఎండకు మాడల్లనా అప్పా?" అని నవ్వాడు తాత.

తర్వాత మిషన్‌లోని సెల్లు తీసి మళ్ళీ పెట్టమని నాకిచ్చాడు. కందిబేడంత సెల్లు. నేను చిటికెలో పెట్టేశాను. అప్పుడు తాను మొదలుపెట్టాడు. శనక్కాయ చెట్లు పీకి పీకి మొద్దుబారిన ఆ వేళ్ళ నుంచి సెల్లు మూడుసార్లు జారి బల్ల కిందికి పోయింది. మూడుసార్లూ నేనే వెతికి తెచ్చాను.

"నువ్వు బడికి పోయినాక ఇది ఎవురు పెట్టల్ల రా?" అన్నాడు, ఏమాత్రం కోపం లేకుండా. "శెట్టి నీడలో కూచుంటాడు, తలగుడ్డ చుట్టడు. అది ఆయప్పకు సరిపోతాది."

పెట్టెనే తీసుకున్నాం. బస్సులో నేను ఏడ్చిన ఏడుపుకు ఎండిపోయిన పాపాగ్ని ఏట్లో నీళ్ళు పారాయి.

ఇంటికొచ్చాక, బనియను జేబులోని పెట్టె బట్టకు రాసుకొని గరగరమంటోందని తాత దాన్ని బయటికి తీశాడు. అవ్వ ఎదురుగా కూర్చొని, ఆమె నోటి దగ్గర పట్టుకొని, "ఏమన్నా చెప్పు మే" అన్నాడు. అవ్వ అటూ ఇటూ చూసింది. పెట్టెకు పెదవులు ఆనించినంత దగ్గరగా వంగి, గుసగుసగా ఏదో అంది. తాత నవ్వాడు. తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె మళ్ళీ ఏదో అంది. పాము చెవులున్న నాకు, పక్కనే కూర్చున్నా, ఒక్క ముక్క వినపడలేదు.

ఆ సాయంత్రం శెట్టి తాత వచ్చి, ఆ పెట్టెనే చూస్తూ, "మావోడు నాకూ ఇట్లాంటిదే తెచ్చింటే శానా బాగుండు" అని నిట్టూర్చాడు. నా మంట అప్పటికి చల్లారింది.

ఇప్పుడు నా చెవుల వంతు వచ్చింది. మా ఆఫీసులో ఒకాయన చెవి లోపల దాగిపోయే మిషన్ పెట్టించుకున్నాడు. దుర్భిణి పెట్టి చూసినా కనపడదు. అది చూసినప్పటి నుంచీ నాకు తిండి సయించలేదు. అయినా మొన్న కర్నూలులో మిషన్ల షాపుకు హెల్మెట్ చంకలో పెట్టుకొనే పోయాను. స్కూటరు మీద తిరిగేవాణ్ణి కదా. ఒక్కొక్కటే చెవికి పెట్టుకొని, పైన హెల్మెట్ తొడిగి, తీసి చూశాను. షాపులో అమ్మాయి నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. చెవి వెనకాలది హెల్మెట్‌తో పాటే ఊడి వచ్చింది. ఆ దాగిపోయేదాని సెల్లు నా వేళ్ళకు చిక్కలేదు. చివరికి చెవి గూట్లో నిండుగా కూర్చునేది తీసుకున్నాను. అది అందరికీ కనపడుతుంది. కనపడనీ.

ఇక కల్పించిందేదో చెప్పేస్తాను. శెట్టి తాత నిట్టూర్పు నాదే. ఆయన మా పెట్టె వైపు చూడనే లేదు. తన మిషన్‌తో సుఖంగా ఉన్నాడు. కుళ్ళంతా నా ఒక్కడిదే. అవ్వ గుసగుస మాత్రం నిజం. ఏమందో కల్పించి రాయడం నాకు చిటికెలో పని, కానీ చెయ్యి రావడం లేదు. కొత్త మిషన్ పెట్టుకున్న క్షణాన కర్నూలు రోడ్డు రొదంతా ఒక్కసారిగా వినపడింది. అవ్వ అన్న ఆ మాట మాత్రం ఏ మిషనూ నాకు వినిపించదు. అది విన్న తాత మీద నా కుళ్ళు ఇంకా పోలేదు.