వెన్న పెట్టే కుడిచెయ్యి

మిట్టేమరికి పోయే దారిలో మా ఊరి ఆంజనేయస్వామిది ఎనిమిది అడుగుల రాతి విగ్రహం. ఆయన కిరీటం మీద ఒక పువ్వు పెట్టాలన్నా పీట ఎక్కి, చెయ్యి నిండా పైకి చాచాలి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ చెయ్యి మా పక్కింటి పూజారి అశ్వత్థనారాయణ అయ్యవారిది. శనివారాలు సింధూరం, మా వైపు మార్గశిరంలో వచ్చే హనుమజ్జయంతికి ఒళ్ళంతా వెన్న అలంకారం. పాదాల దగ్గర మొదలుపెడితే కిరీటం మీద చివరి ముద్ద పెట్టేసరికి పొద్దు బాగా ఎక్కుతుంది.

ఆయన మడి ఊరందరికీ తెలుసు. గర్భగుడిలోకి తోలు పోకూడదు. అందుకే ఆయన పుట్టి బుద్ధెరిగాక తోలు బెల్టు కట్టలేదు, చేతి గడియారానికి కూడా స్టీలు గొలుసే. దర్శనానికి వచ్చినవాళ్ళు పర్సు గడప బయట పెట్టాల్సిందే. ఒకసారి తాలూకాఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి, "బెల్టు తీస్తే ప్యాంటు నిలవదు స్వామీ" అంటే, "చేత్తో పట్టుకోప్పా, దేవుడేమీ అనుకోడు" అన్నారు. ఆ పెద్దమనిషి అట్లాగే పట్టుకొని నిలబడి తీర్థం ఒంటిచేత్తో తీసుకున్నాడు.

పోయిన ఎండాకాలంలో నీళ్ళబిందెతో గుడి మెట్లెక్కుతూ అయ్యవారు జారారు. పడకుండా కుడిచేత్తో ద్వారబంధం పట్టుకున్నారు. మనిషి పడలేదు గానీ భుజంలో ఏదో పటుక్కుమంది. నెలన్నర నూనె రాసి కాపడం పెట్టినా చెయ్యి రొమ్ము దాకా కూడా లేవలేదు. ఆయన భార్య పంకజమ్మకు ఆస్పత్రి అంటేనే బెదురు. అందుకని నేను తోడు పోయాను. ముగ్గురం బస్సెక్కి చిక్కబళ్ళాపురం చేరాం.

అక్కడి డాక్టరమ్మ పేరు గార్గి. స్కాన్ ఫోటో వెలుగులో పెట్టి చూపించింది.

"భుజంలో కండను ఎముకకు పట్టి ఉంచే తాడు తెగిపోయిండాదప్పా. కుట్టొచ్చు. కానీ అంచులు పీచు పీచైపోయిండాయి, వట్టి కుట్లు మళ్ళీ తెగే భయం ఉండాది. అందుకని కుట్టు మీద ఒక పొర పరుస్తాం. దాన్ని ఆసరా చేసుకొని మీ ఒళ్ళే కొత్త కండ అల్లుకుంటాది. అల్లుకునేకొద్దీ ఆ పొర ఒంట్లో కలిసిపోతాది."

అయ్యవారి మొహం విప్పారింది. "హనుమజ్జయంతికి చెయ్యి లేస్తాదా తల్లీ?"

"చెప్పినట్ల వింటే లేస్తాది."

అంతటితో లేచి వచ్చేసి ఉంటే సరిపోయేది. నేనే అడిగాను. "ఆ పొర దేంతో చేస్తారమ్మా?"

డాక్టరమ్మ దాచలేదు. "ఆవు చర్మంలోంచి తీసి, బాగా శుద్ధి చేసిందమ్మా."

అయ్యవారు ఎడమచేత్తో కండువా సర్దుకొని, నమస్కారం పెట్టబోయి, కుడిచెయ్యి రాక, తల వంచి బయటికి నడిచారు.

తిరుగు బస్సు పెరేసంద్ర దాటింది. అప్పుడు అయ్యవారు, "నాకు వద్దు. భుజంలో తోలు పెట్టుకొని గర్భగుడిలోకి యాడ పోయేది?" అన్నారు.

పంకజమ్మ ఊరుకోలేదు. "గుళ్ళో భజన మద్దెల దేంతో చేసిందంట?"

"అది మండపంలో ఉంటాది. లోపలికి రాదు."

"అట్లయితే మీరూ మండపంలోనే కూర్చోండి ఇంక!" అని, నా వైపు తిరిగి, "నీ నోరు ఊరుకోదు కదా సుబ్బలక్ష్మమ్మా. ఎవురడగమన్నారు నిన్ను?" అంది.

"ఆమెననొద్దు," అన్నారాయన. "అడగబట్టే తెలిసింది."

ఆ మాటతో నాకు మనసు ఇంకా బరువైంది. పంకజమ్మ నాలుగు రోజులు మా గుమ్మం తొక్కలేదు. మజ్జిగ తోడుకు కూడా ఎదురింటికి పోయింది.

ఆ శనివారం గుడికి పోయాను. అయ్యవారు కుడి మోచేతిని ఎడమచేత్తో కింది నుంచి ఎత్తిపట్టి హారతి ఇస్తున్నారు. పళ్ళెం ఒరిగి, వెలుగుతున్న కర్పూరం బండ మీద పడింది. ఆయన వంగి కాసేపు దాన్నే చూశారు. "చింతామణి నుంచి మా చిన్నాయన కొడుకును పిలిపించాల. ఈ ఏడు వెన్న వాడే పెడతాడు," అన్నారు. ఆ మాట అంటూ స్వామి మొహం వైపు మాత్రం చూడలేదు.

సోమవారం పొద్దున్నే నేను ఒక్కదాన్నే మళ్ళీ చిక్కబళ్ళాపురం పోయాను.

"వేరే దేంతోనూ చెయ్యరా తల్లీ ఆ పొర?"

"చనిపోయినోళ్ళు దానమిచ్చిన చర్మంతో కూడా చేస్తారమ్మా."

"అయ్యో, అది చెప్తే ఆయన ఊరే వదిలేస్తారు! ఆయన ఒంట్లోదే ఏదైనా పనికిరాదా?"

డాక్టరమ్మ నవ్వబోయి ఆగింది. స్కాన్ మళ్ళీ తెరిచింది. భుజం ముందు వైపు ఇంకో తాడు ఉంటుందట. అయ్యవారిది అది కూడా ఒరుసుకుపోయింది, ఎట్లాగూ కోసెయ్యాల్సిందే. కోసిన ముక్కను చదును చేసి, పొరలాగా కుట్టు మీద పరవొచ్చట.

"కొందరికి చేస్తాం. కానీ ఆ ముక్క బాగుండాదో లేదో లోపల చూస్తేనే తెలిసేది. మాట ఇయ్యలేను."

ఊరికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. అయ్యవారు రెండుసార్లు చెప్పించుకున్నారు. "నా చెయ్యిలోదే కదా? కోసి పారేసేదే కదా?" అని అడిగి, చివరికి ఒక షరతు పెట్టారు. ముక్క పనికిరాకపోతే వట్టి కుట్లే వెయ్యాలి, ఆ తర్వాత చెయ్యి లేచినా లేవకపోయినా సరే.

ఆపరేషను రోజు పంకజమ్మ, నేను ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆమె నా చెయ్యి పట్టుకొని వదల్లేదు. రెండు గంటల తర్వాత డాక్టరమ్మ తలుపు తోసుకొని వచ్చింది.

"బాగుండాదమ్మా. ఆయన ముక్కే సరిపోయింది, గట్టిగా కూర్చుంది."

పంకజమ్మ ఏడుస్తూనే, "ఇంకేమైనా అడిగేదుంటే అడుగు, ఇప్పుడే అడిగెయ్," అంది.

ఆరు వారాలు చెయ్యి జోలెలో. ఆ జోలె పట్టీని కూడా వేళ్ళతో నలిపి, "బట్టేనా?" అని రూఢి చేసుకున్నాకే మెడలో వేయించుకున్నారు. పూజకు చింతామణి తమ్ముడే వచ్చాడు. అయ్యవారు మండపంలో కూర్చొని, "తులసి ఎడంపక్క పెట్టప్పా, అట్ల కాదు," అని మంత్రాల మధ్యలో కేకలేస్తుంటే ఆ తమ్ముడు ఎప్పుడు జోలె విప్పుతారా అని రోజులు లెక్కపెట్టాడు. జోలె విప్పాక డాక్టరమ్మ చేతిని గోడ మీద వేళ్ళతో పైకి పాకించమంది. పంకజమ్మ ఆ గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టింది. దీపావళికి గీత పక్కనున్న తలుపు గడియ ఎత్తుకు వచ్చింది. కార్తీకం చివరికి ద్వారబంధం పైకొయ్య దాటింది.

హనుమజ్జయంతి నాడు తెల్లవారుతూనే గుడి నిండా జనం. పాదాలు, మోకాళ్ళు, రొమ్ము, మొహం వరకు తమ్ముడు పెట్టాడు. తర్వాత అయ్యవారు పీట ఎక్కారు. వెన్న ముద్ద తీసుకొని కుడిచెయ్యి పైకి పోనిచ్చారు. భుజం దాకా బాగానే పోయింది. చెవి దగ్గర ఆగింది. ఇంకొంచెం సాగింది. వెన్న కిరీటం మీద కూర్చుంది.

దిగి వచ్చాక అడగకుండా ఉండలేకపోయాను. "నొప్పి ఉండాదా సామీ?"

"ఉండాది, ఉండనీ," అన్నారు నవ్వుతూ.

మధ్యాహ్నం పంకజమ్మ ఆకులో ప్రసాదం వెన్న పెట్టుకొని మా గుమ్మంలోకి వచ్చింది. చేతికి తీసుకొని, "ఇది ఆవుదా, బర్రెదా?" అన్నాను.

"తిను ముందు!" అని వేలితో ఇంత వెన్న తీసి నా నోట్లో పెట్టేసింది.