మాచర్ల మామగారు, గురజాల కోడలు

పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు మా మామగారు నన్ను ఒక్కటే ప్రశ్న అడిగారు. "మీ తాతముత్తాతలది గురజాలేనా, యాడనుంచన్నా వచ్చి స్థిరపడ్డారా?" తరతరాలుగా మాది గురజాలే అని కాస్త గర్వంగానే చెప్పాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి కొడుకు వంక జాలిగా చూశారు. వాళ్ళది మాచర్ల.

పల్నాడు ఎరగని వాళ్ళకి ఆ జాలి అర్థం కాదు. కొన్ని వందల ఏళ్ళ కిందట ఒక రాజుగారి పిల్లలు, సవతి తల్లుల బిడ్డలు, పల్నాడుని రెండు ముక్కలు చేసుకుని గురజాలలో ఒకరూ మాచర్లలో ఒకరూ కూర్చున్నారు. గురజాల రాజుకి మంత్రి ఒక స్త్రీ. మాచర్ల వైపు మంత్రి మగవాడు. ఇద్దరికీ పడేది కాదు. కోడిపందెం వేసుకున్నారు. మాచర్ల కోడి ఓడింది. ఒప్పందం ప్రకారం మాచర్ల వాళ్ళు రాజ్యం వదిలి అడవులకి పోయారు. గడువు తీరాక తిరిగొచ్చి వాటా అడిగితే గురజాల వాళ్ళు ఇవ్వలేదు. కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున అన్నదమ్ములూ వాళ్ళ పిల్లలూ ఒకళ్ళనొకళ్ళు నరుక్కుని చచ్చారు.

ఇంతవరకే రెండు ఊళ్ళ వాళ్ళూ ఒప్పుకునేది. ఆ కోడికి మందు పెట్టారని మాచర్లలో పుట్టిన ప్రతి బిడ్డకీ తెలుసు. మా నాయనమ్మ మాత్రం, "ఓడిపోయిన కోడి ప్రతిదానికీ మందే పెట్టారంటారే! ఆడది గద్దె పక్కన కూర్చుంటే మగాళ్ళకి కడుపునొప్పి, అంతే" అనేది. అత్తవారింట్లో ఆ మంత్రిణి పేరు ఎత్తరు. ఎత్తవలసి వస్తే "ఆవిడ" అంటారు. మా పుట్టింట్లో మాచర్ల మంత్రిని "ఆయన" అనేవాళ్ళు. అందువల్ల నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఎవరు ఎవరి గురించి మాట్లాడుతున్నారో తెలియక నానా తంటాలూ పడ్డాను.

ఉద్యోగరీత్యా మేము కలకత్తా వచ్చి చాలాకాలమైంది. నేను ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. మా ఆయన ఆఫీసుకి వెళ్ళి వస్తారు, ఎవరితోనూ వాదించరు. మామగారు హెడ్మాస్టరుగా రిటైరయ్యాక బెహాలాలో మా ఫ్లాటుకి వచ్చేశారు. కింద అంతస్తు బెంగాలీ ముసలాయనతో బాల్కనీల మీదుగా ఇంగ్లీషులో స్నేహం చేశారు. ఆ ముసలాయన పూర్వీకులది పద్మానదికి అవతలి ఒడ్డు. భార్యది ఇవతలి ఒడ్డు. ఇలీష చేప గొప్పదా, రొయ్య గొప్పదా అని పెళ్ళయిన నాటి నుంచీ కొట్టుకుంటూనే ఉన్నారట. మామగారికి ఆయనంటే ప్రాణం.

ఒక ఏడు, ఓడరేవు పక్కనున్న గార్డెన్ రీచ్ తెలుగువాళ్ళు ఉగాది కార్యక్రమానికి మమ్మల్ని పిలిచారు. అక్కడివాళ్ళు చాలామంది తాతల కాలంలోనే ఉత్తరాంధ్ర తీరం నుంచి ఓడల డాకు పనికి వచ్చినవాళ్ళు. క్రేన్ల దగ్గర మేస్త్రీగా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకాయన వాళ్ళ నాటకాలన్నీ నడిపిస్తాడు. ఆయన మా ఇంటికొచ్చి, "పెద్దోరు, సదూకున్నోరు. ఈ పాలి నాటకం మీరు రాసియ్యండి బావూ" అని మామగారిని అడిగాడు. మామగారు ఆ మాట కోసమే డెబ్బై ఏళ్ళుగా బతికి ఉన్నట్టు లేచి నిలబడ్డారు.

నాటకం ఏమిటో నేను అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు.

మాచర్ల మంత్రి వేషం ఆయనదే. రాత పూర్తయ్యాక నన్ను పిలిచి, "ఆవిడ వేషం నువ్వు వెయ్యి. మీ ఊరావిడేగా. నీకు అభ్యాసం అవసరం లేదు" అన్నారు. అది ప్రశంస కాదని తెలుసు. అయినా ఒప్పుకున్నాను. కాయితాలు చదివితే నా పాత్రకి ఉన్న మాటల్లో సగం వికటాట్టహాసాలే.

"మామయ్యా, ఈవిడ నవ్వకుండా ఒక్క మాటా మాట్లాడదా?" అని అడిగాను.

"చరిత్ర అట్టా ఉంది. నేనేం చేసేది?" అన్నారు.

గార్డెన్ రీచ్‌లో మొదటి రిహార్సలు నాడు అనుకోనిది జరిగింది. కొత్తగా హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరు, పాతికేళ్ళ పొడుగాటి అమ్మాయి, చేతులు కట్టుకుని నాటకమంతా విన్నది. విని లేచింది.

"సార్, ఆమె పుట్టింది మా దిక్కు. మా అమ్మమ్మ వాళ్ళ ఊరి పక్కనే. తండ్రితోని మీ దిక్కొచ్చింది, అంతే. ఆమెను మీరు ఇట్ల రాస్తే మేం చూసుకుంట కూసుంటమా? ఆ పాత్ర నేను చేస్త."

నేను సంతోషంగా ఇచ్చేద్దామనే అనుకున్నాను. ఆ అట్టహాసాలు నా గొంతుకి పడడంలేదు. కానీ మామగారి ముఖం ఎర్రబడింది.

"ఏందమ్మా నువ్వనేది? పల్నాడు నీళ్ళు తాగి, పల్నాడునేలిన మనిషి మీదెట్టా అవుతది? ఆవిడ మా ఆడపడుచు."

నేను చెవులు రిక్కించాను. మా ఆయన టీ తాగడం ఆపి తండ్రి వంక చూశారు. పేరైనా ఎత్తని మనిషిని మామగారు ఒక్క క్షణంలో ఆడపడుచుని చేసి, పసుపుకుంకాలు పెట్టి ఇంట్లోకి తీసుకొచ్చేశారు.

"పుట్టిల్లు ఏదైతే ఆమె ఆ ఊరిదే గద సార్," అంది ఆ అమ్మాయి.

"అట్టాగైతే మా కోడలు గురజాలదంటావా? ఇప్పుడు మాచర్లది," అన్నారు మామగారు.

ఇంతవరకు పల్నాటి ఐక్యతకి పొంగిపోతున్న నాకు చుర్రుమంది. "నేనెప్పుడు మాచర్లదాన్నయ్యాను మామయ్యా?" అన్నాను. దాంతో గొడవ రెండు పక్షాల నుంచి మూడు పక్షాలకి పెరిగింది. చుట్టూ కూర్చున్న డాకు కుటుంబాల వాళ్ళు నాటకం కన్నా ఇదే బావుందన్నట్టు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

చివరికి మేస్త్రీ అడ్డొచ్చాడు. "ఉండండి బావూ. ఏటి గొడవ? ఆయమ్మ ఆడ పుట్టినాది, ఈడ ఏలినాది. పొలిమేర దాటేదాకా ఈ పాప ఎయ్యాల. దాటినాక మీ కోడలమ్మ ఎయ్యాల. అయిపోనాది."

తీర్పు అందరికీ నచ్చలేదు కానీ రిహార్సలు దాని ప్రకారమే సాగింది. ఆ అమ్మాయి నా పక్కకొచ్చి, "అక్కా, ఆ నవ్వులు తీసేపియ్యాలె మనం" అని గుసగుసగా అంది. ఆ పని ఇద్దరం కలిసి చేశాం. మామగారు ఒక్కొక్క అట్టహాసానికీ ఒక్కొక్క రోజు పోట్లాడి వదులుకున్నారు.

దుస్తులు చిత్‌పూర్‌లో బెంగాలీ జాత్రా నాటకాల దుకాణం నుంచి అద్దెకి తెచ్చాం. అక్కడ నవాబుల దుస్తులు తప్ప ఇంకేవీ ఖాళీగా లేవు. పల్నాటి వీరులు జరీ కోట్లూ ఈకల తలపాగాలూ పెట్టుకుని తయారయ్యారు. కోడిపందెం మాత్రం నిజం కోళ్ళతో ఉండాలని మామగారు పట్టుబట్టారు. పందెం నిజంగా వెయ్యకూడదు కనుక, కోళ్ళని ఎదురెదురుగా పట్టుకుని చూపించి, వెంటనే తెర దించి, మాచర్ల కోడి ఓడిందని మైకులో చెప్పడానికి ఒప్పందమైంది. మాచర్ల కోడిని మేస్త్రీ తమ్ముడు, గురజాల కోడిని మా ఆయన పట్టుకోవాలి.

ఉగాది సాయంత్రం హాలు నిండిపోయింది. ఆ అమ్మాయి మొదటి భాగం అద్భుతంగా చేసింది. పొలిమేర దాటి తెర వెనక్కి వచ్చింది, నేను తెర ముందుకి వెళ్ళాను. నేను ఆ అమ్మాయి భుజం దాకా వస్తాను. ముందు వరసలో ఒకావిడ గట్టిగానే, "ఇదేటి, ఈయమ్మెవులు? ఆ పొడుగాటి పిల్లేది?" అంది.

మైకు దగ్గరున్న మేస్త్రీ తడుముకోకుండా చెప్పాడు. "ఆ పిల్లే ఈయమ్మ. పల్నాడు మిరపకాయలు తిని కుసించుకుపోనాది."

హాలంతా ఒప్పుకుంది.

కోడిపందెం వచ్చింది. మా ఆయన నవాబు కోటులో, కోడిని చంకలో ఇరికించుకుని, ఎవరి వంకా చూడకుండా వచ్చి నిలబడ్డారు. దీపాలు పడగానే గురజాల కోడి ఒక్క అరుపు అరిచి, ఆయన చేతిలోంచి ఎగిరి, ముందు వరస మీద నుంచి తలుపులోంచి బయటికి పోయింది. మాచర్ల కోడి ఉన్నచోటే ఉండి తీరుబడిగా కూసింది. జనం చప్పట్లు కొట్టారు. తెర లాగవలసిన మనిషి కోడి వెంట పరిగెత్తాడు.

మామగారు అప్పుడు తలవంచుకుని అడవులకి పోవాలి. పోలేదు. మీసం మెలేసి, జనం వైపు తిరిగి, "చూశారుగా" అన్నారు. అది రాతలో లేదు.

నాటకం అక్కడితో ఆగిపోయింది. మాచర్ల గెలిస్తే అడవులు లేవు, యుద్ధం లేదు, మిగిలిన రంగాలు లేవు. నాకు మా నాయనమ్మ పూనింది.

"మంత్రివర్యా, మా కోడి ఓడిపోలేదు. పోరుకి ముందే మీ వాళ్ళు దాన్ని బెదరగొట్టారు. ఇది మోసం. ఒప్పందం ప్రకారం అడవులకి నడవండి."

"నేను నడవను," అన్నారు మామగారు.

"నడవాలి."

"మందు పెట్టినోళ్ళకే అంత ఉంటే, పెట్టనోళ్ళకి ఎంతుండాలి?"

"మందు పెడితే మా కోడే ఎందుకు పారిపోతుంది మామయ్యా?"

జనం విరగబడి నవ్వారు. ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని కదలకుండా నిలబడ్డారు. ఎంతసేపు నిలబడేవారో గాని, మైకులోంచి మేస్త్రీ గొంతు మెల్లగా వినిపించింది. "బావూ, అడివికెల్లొచ్చెయ్యండి. వంట సల్లారిపోతంది."

ఆయన అడవులకి వెళ్ళారు.

యుద్ధం తొందరగా అయింది. అందరూ ఒకేసారి చచ్చిపోయి, ఒకేసారి లేచి భోజనాలకి వచ్చారు. మాచర్ల మంత్రి ఆ కాలంలోనే కులాలు చూడకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని, దాన్ని చాపకూడు అంటారని మామగారు మైకులో చెప్పారు. జరీ కోటు అంచుతో నిజంగానే కళ్ళు తుడుచుకున్నారు. నాకూ కళ్ళు చెమర్చాయి. ఆ ఒక్క విషయంలో మా నాయనమ్మ కూడా "ఆయన"ని మెచ్చుకునేది. తర్వాత చాపలు పరిచారు. మామగారు మోకాళ్ళ నొప్పులతోనే పట్టుదలగా కింద కూర్చున్నారు. ఆయనకి ఒక పక్క నేను, ఒక పక్క ఆ అమ్మాయి, ఎదురుగా మేస్త్రీ, మేస్త్రీ పక్కన ఆయన భార్య. మా ఆయన చేతికి పసుపు రాసుకుని చివర కూర్చున్నారు. కోడి పొడిచిందట, అందుకే వదిలేశారట. ఎంతైనా పుట్టుక మాచర్ల. ఆ పొడవడం సంగతి నేను ఇప్పటికీ నమ్మను.

"నీ తీర్పులు బాగుంటాయయ్యా," అన్నారు మామగారు మేస్త్రీతో, పప్పు కలుపుకుంటూ. "ఏ పక్షమూ లేని మనిషి కనక చెప్పగలిగావు. వచ్చే ఏడు మీ వైపు కథ ఆడదాం. బొబ్బిలి యుద్ధం."

మేస్త్రీ చేతిలో ముద్ద ఆగిపోయింది. "మా తాతలది బొబ్బిలే బావూ. ఇజీనారమోలు పరాయోల ఫిరంగులు అరువు తెచ్చుకున్నారు. అదీ ఒక గెలుపేనా?"

అప్పటిదాకా నోరు విప్పని ఆయన భార్య, పుట్టిల్లు విజయనగరమట, విస్తరి లోంచి తలెత్తింది. "ఏటి? ఏటన్నావు? మా ఇజీనారమోలని ఏటన్నావు?"

"ఉన్నమాటన్నాను."

"కోటలో తలుపులేసుకుని కూకున్నోలు మీరు. ఆ మాట సెప్పు ముందల."

వడ్డించేవాళ్ళు ఆగిపోయారు. మామగారు చెయ్యి చాపి, ఎంతో శాంతంగా, "ఎప్పుడో పోయినోళ్ళ గురించి ఇప్పుడు మీరెందుకయ్యా కొట్టుకోవటం" అన్నారు. నేనూ ఆ అమ్మాయీ ఆయన తల మీదుగా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. భోజనాలయ్యాక ఆయన లేవలేకపోతే చెరో రెక్కా పట్టుకుని లేపాం.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ ఫోన్ చేసి, బొబ్బిలి నాటకంలో ఏమేం ఉండాలో మామగారికి చెప్పాడు. మధ్యాహ్నం ఆయన భార్య అదే ఫోన్ నుంచి, భర్త బయటికి వెళ్ళాడని చూసుకుని, ఏమేం ఉండకూడదో చెప్పింది. మామగారు రెండూ శ్రద్ధగా విన్నారు. రాయడం మొదలుపెట్టారు కానీ ముందుకి సాగడంలేదు. ఫిరంగి దగ్గరికి రాగానే ఎవరో ఒకరు ఫోన్ చేస్తున్నారు.